ఏషియన్ అని టిక్ పెట్టాలా, వదిలేయాలా?

ప్రశ్న: మాది హిందూపురం. ఇరవై ఏళ్ళుగా బెంగళూరు కె.ఆర్.పురంలో ఉంటున్నాం, హార్డ్‌వేర్ షాపు నడుపుతున్నాను. మా అమ్మాయి సెకండ్ పీయూ (ఇంటర్ రెండో ఏడాది), పీసీఎంసీ అంటే లెక్కలు, సైన్సు, కంప్యూటర్. అమెరికా కాలేజీల కోసం రాసే ఎస్‌ఏటీ పరీక్షలో 1530 వచ్చింది. డిగ్రీ అమెరికాలోనే చదువుతానని పట్టుబట్టింది. న్యూజెర్సీలో ఉన్న మా తమ్ముడేమో అప్లికేషన్ ఫారంలో జాతి అడిగే చోట ఏషియన్ అని టిక్ పెడితే సీటు మీద ఆశ వదులుకోవాల్సిందే అంటున్నాడు. ఇక్కడి కన్సల్టెంట్ ఆ గడి ఖాళీగా వదిలేసి, కుల వివక్ష ఎదుర్కొన్నట్టు ఎస్సే రాయమంటున్నాడు. మాకు అలాంటిదేమీ జరగలేదు. ఏం చేయమంటారు?
– ఒక తండ్రి, బెంగళూరు

జవాబు: టిక్ పెట్టేయండి. ఏషియన్, దాని కింద ఇండియా. పెట్టడం ఇష్టం లేకపోతే వదిలేయండి, అది తప్పనిసరి ప్రశ్న కాదు. ఎలా చేసినా మీ అమ్మాయి అవకాశం పెరగదు, తగ్గదు.

ఈ మాట చెప్తే ఇక్కడి తల్లిదండ్రులు ఓ పట్టాన నమ్మరు. నమ్మకపోవడానికి కారణం ఉంది. కర్ణాటక ఇంజనీరింగ్ సీట్లకు రాసే కేసీఈటీ ఫారంలో ఆర్‌డీ నంబర్, అంటే కుల సర్టిఫికెట్ నంబర్, సరిపోకపోతే పిల్ల కేటగిరీ పోయి జనరల్ మెరిట్‌లోకి వెళ్ళిపోతుంది. ఆంధ్రాలో తీసుకున్న కుల సర్టిఫికెట్ కర్ణాటక సీట్లకు పనికిరాదని ఆఖరి నిమిషంలో తెలిసి, సర్టిఫికెట్లు ఇచ్చే నాడకచేరి ఆఫీసు మెట్ల మీదే కూలబడిన తండ్రిని నేను చూశాను. ఒక్క గడితో తలరాత మారిపోయే ఫారాలు నింపి నింపి, అమెరికా ఫారంలోనూ అలాంటి గడి కనపడగానే మనకు చెయ్యి వణుకుతుంది.

మీ తమ్ముడిది వట్టి పుకారు కాదు. అమెరికాలో 1978లో సుప్రీంకోర్టు ఇచ్చిన బక్కీ తీర్పు నుంచి మొన్నమొన్నటి దాకా, జాతికి ఇన్ని సీట్లని కోటా పెట్టకూడదు కానీ విద్యార్థి జాతిని నాలుగైదు అంశాల్లో ఒకటిగా చూడవచ్చు అనే పద్ధతే నడిచింది. హార్వర్డ్ మీద 2014లో కేసు పడింది. ఆ విచారణలోనే, అడ్మిషన్ ఆఫీసు వ్యక్తిత్వానికి వేసే మార్కుల్లో ఏషియన్ అమెరికన్ పిల్లలకు సగటున తక్కువ పడుతున్నాయని బయటికొచ్చింది. చదువులో పైన, వ్యక్తిత్వంలో కింద! మీ తమ్ముడి చుట్టుపక్కల ఇళ్ళలో ఏళ్ళ తరబడి నడిచిన చర్చ ఇదే అయ్యుంటుంది. 2019లో కింది కోర్టు మాత్రం ఉద్దేశపూర్వక వివక్ష లేదని హార్వర్డ్ వైపే తీర్పిచ్చింది. 2023 జూన్ 29న సుప్రీంకోర్టు దాన్ని తిరగేసింది. సీటు ఇవ్వడంలో జాతిని జాతిగా లెక్కలోకి తీసుకోకూడదని తేల్చింది. కాలిఫోర్నియా ప్రభుత్వ యూనివర్సిటీల్లోనైతే 1996లో జనం ఓటేసి జాతిని చూసే పద్ధతిని ఆపించిన సంగతి మీ తమ్ముడికీ తెలిసే ఉంటుంది.

ఆ తీర్పు తర్వాత 2023 ఆగస్టు నుంచి చాలా కాలేజీలకు ఒకే ఫారంతో అప్లై చేసే కామన్ యాప్‌లో జాతి ప్రశ్నకు ఇచ్చిన జవాబు తమకు కనపడకుండా పెట్టుకునే వీలు కాలేజీలకు వచ్చింది. తీర్పు తర్వాతి మొదటి బ్యాచ్‌లో ఎంఐటీలో ఏషియన్ అమెరికన్ల వాటా 40 శాతం నుంచి 47కి పెరిగింది, నల్లజాతి విద్యార్థుల వాటా 15 నుంచి 5కి పడిపోయింది. అదే ఏడాది యేల్‌లో ఏషియన్ల వాటా 30 నుంచి 24కి తగ్గింది. ఈ అంకెలు పట్టుకుని మీకు జోస్యం చెప్పేవాళ్ళు దొరుకుతారు. నేను చెప్పను.

అసలు ఈ గొడవ మీ అమ్మాయిది కాదు. కేసు నడిచింది అమెరికా పిల్లల లెక్కల మీద. మీ తమ్ముడి పిల్లలు ఆ లెక్కలోకి వస్తారు. మీ అమ్మాయి భారతీయ పాస్‌పోర్టుతో అప్లై చేస్తుంది కాబట్టి విదేశీ విద్యార్థుల వరసలో ఉంటుంది, ఆ వరసను కాలేజీలు విడిగా లెక్కేస్తాయి. ఎంఐటీలో ఏడాదికి చేరేది సుమారు 1,100 మంది. అందులో ప్రపంచ దేశాలన్నిటికీ కలిపి దక్కేది దాదాపు పదో వంతు. ఆమె పోటీ పడాల్సింది ఆ గుప్పెడు సీట్ల కోసం, అదీ చైనా, కొరియా, నైజీరియా, మన ఢిల్లీ, మన హైదరాబాద్ పిల్లలతో.

టిక్ గురించి టెన్షన్ పడాలంటే ఇంకో గడి ఉంది. మీ ఉత్తరంలో దాని ఊసే లేదు. ‘ఫైనాన్షియల్ ఎయిడ్ కావాలా?’ అని ఒక ప్రశ్న ఉంటుంది. ఈ పెద్ద ప్రైవేటు యూనివర్సిటీల్లో ఫీజు, హాస్టల్, తిండి కలిపి ఏడాదికి 80 వేల డాలర్లు దాటుతోంది. హార్వర్డ్, యేల్, ప్రిన్స్‌టన్, ఎంఐటీ, ఆమ్‌హర్స్ట్, డార్ట్‌మత్ లాంటి కొన్నిచోట్ల, విదేశీ విద్యార్థి డబ్బు సాయం అడిగినా అడగకపోయినా సీటు నిర్ణయంలో తేడా ఉండదు, సీటిస్తే అవసరమైనంతా ఇస్తారు. మిగతా చాలావాటిలో అడిగితే అది లెక్కలోకి వస్తుంది. స్టాన్‌ఫర్డ్‌లోనే విదేశీ పిల్లలకు ఆ తేడా ఉంది. పోనీ ఇప్పుడు వద్దని రాసి చేరాక అడుగుదామా అంటే, మామూలుగా ఒప్పుకోరు. కాబట్టి జాతి గడి కన్నా ముందు, మీ ఇంట్లో కూర్చుని ఏడాదికి ఎంత పెట్టగలరో ఒక అంకె అనుకోండి. షాపు మీద వచ్చేదెంతో, ఊళ్ళో పొలం ఏం చేస్తారో కూడా అమ్మాయి ముందే మాట్లాడండి. లిస్టులో ఏ కాలేజీ ఉండాలో ఆ అంకె చెప్తుంది.

ఇక కన్సల్టెంట్ సలహా. అతనికి ఇచ్చిన డబ్బు పోతే పోయింది, ఆ ఎస్సే మాత్రం రాయించకండి. జాతి అనుభవం గురించి ఎస్సేలో రాయవచ్చని సుప్రీంకోర్టు తీర్పులోనే ఉంది. అది నిజంగా ఆ విద్యార్థికి జరిగినదై, ఆమె ధైర్యాన్నో పట్టుదలనో చూపించాలి. మీ కన్సల్టెంట్ ఆ మొదటి సగం విని రెండో సగం వదిలేసినట్టున్నాడు. అప్లికేషన్ చివర ‘నేను రాసిందంతా నిజం’ అని మీ అమ్మాయే సంతకం పెట్టాలి. అబద్ధమని తేలితే ఇచ్చిన సీటూ వెనక్కి తీసుకుంటారు. వివక్షను నిజంగా అనుభవించినవాళ్ళ కథను అప్పు తెచ్చుకోవడమంటే నాకు ఒళ్ళు మండుతుంది కూడా, అది వేరే సంగతి.

మరేం రాయాలి అంటారా? కొన్నేళ్ళ కిందట మారతహళ్ళి నుంచి ఒక కుర్రాడు వచ్చాడు. అనంతపురం వాళ్ళే. మొదటి డ్రాఫ్టులో తాను రెండు సంస్కృతుల మధ్య వారధినని రాశాడు. అలాంటివి నా టేబుల్ మీదికి వారానికి పది వస్తాయి. మాటల్లో పెడితే ఇంకో సంగతి చెప్పాడు. వాళ్ళ అపార్ట్‌మెంట్ పక్కన బిల్డింగు పనికి వచ్చిన తెలుగు కూలీలకు ఆసుపత్రి చీటీలు చదివి పెట్టేవాడట. ఒక ముసలామెకు మాత్రలు ఏ పూట ఏది వేసుకోవాలో ఎన్నిసార్లు చెప్పినా గుర్తుండక, మాత్రల అట్ట వెనక పెన్నుతో ఒకదానికి సూర్యుడి బొమ్మ, ఇంకోదానికి చంద్రుడి బొమ్మ గీసిచ్చాడు. మర్నాడు ఆమె వచ్చి, మధ్యాహ్నం మాత్రకు కూడా సూర్యుడే ఉన్నాడు, ఏ సూర్యుడు నాయనా అని అడిగింది. 650 పదాల్లో అతను రాసింది ఆ ప్రశ్న గురించే, దాని తర్వాత తాను మార్చిన బొమ్మల గురించే. అందులో తెలుగువాణ్ణని ఎక్కడా చాటుకోలేదు, అయినా చదివినవాళ్ళకు తెలిసిపోతుంది. పెద్ద పేర్లేవీ రాలేదతనికి. ఒక చిన్న లిబరల్ ఆర్ట్స్ కాలేజీ సీటిచ్చి, ఖర్చులో సగానికి పైగా భరించింది.

ఇంటిపేరు తీసేస్తే మనవాళ్ళమని తెలియదు కదా అని కొందరు అడుగుతుంటారు. పాస్‌పోర్టులో ఎలా ఉందో అలాగే ఇవ్వండి. బెంగళూరు పీయూ కాలేజీ మార్కుల జాబితా, తల్లిదండ్రుల పేర్లు పెట్టుకుని స్వీడన్ పిల్ల అనిపించుకోలేం.

కేసీఈటీ, ప్రైవేటు ఇంజనీరింగ్ కాలేజీల కామెడ్‌కె పరీక్ష రెండూ రాయించండి, అమెరికా మాట ఎలా తేలినా. నవంబరు 1 గడువు ఉన్న అమెరికా కాలేజీలకు ఇప్పుడే ఐటీ రిటర్నులు తీసి పెట్టుకోండి, ఎయిడ్ ఫారాలకు కావాలి.

ఇంకో సంగతి. మీ ఉత్తరంలో తమ్ముడు ఏమన్నాడో ఉంది, కన్సల్టెంట్ ఏమన్నాడో ఉంది. అమ్మాయి ఏం చదవాలనుకుంటోందో మాత్రం లేదు. ఈసారి ఆమెనే రాయమనండి. తెలుగులో అయినా సరే, కన్నడ కలిపి రాసినా సరే.