పెద్దమనిషి అయిన కూతురి నాన్నకు

తమ్ముడికి అక్క ఆశీస్సులు.

పాప వేసవి సెలవుల్లో పెద్దమనిషి అయినప్పటి నుంచి నీతో సరిగ్గా మాట్లాడటం లేదని రాశావు. ముందొక మాట చెప్తాను, నొచ్చుకోకు. ఫంక్షన్ అయ్యాక ఎవరు ఎవరికి దూరం జరిగారో ఒకసారి గుర్తు చేసుకో. చాలా ఇళ్లల్లో ముందు వెనక్కి తగ్గేది తండ్రే. పక్కన కూర్చోబెట్టుకోవడం మానేస్తాడు, ఏమడిగినా "అమ్మనడుగు" అంటాడు. ఆయన దాన్ని మర్యాద అనుకుంటాడు. పిల్లేమో తనలో ఏదో తప్పు వచ్చిందేమో, అందుకే నాన్న ముఖం చాటేస్తున్నాడేమో అనుకుంటుంది.

12, 13 ఏళ్లకి తలుపు వేసుకోవడం, స్నేహితుల మాటే వేదం అనుకోవడం వయసు చేయించే పని. తలుపు కొట్టి, రమ్మన్నాకే లోపలికి వెళ్లు. తనంతట తానే వచ్చి భుజం మీద ఒరిగితే ఒరగనీ, తప్పుకుంటే లాగకు.

మాట్లాడించాలని ఎదురుగా కూర్చోబెట్టకు. స్కూలుకి బండి మీద నువ్వే దింపు, పావుగంట దారి చాలు. ముఖాలు ఎదురెదురుగా ఉండవు కనక మాట తేలిగ్గా వస్తుంది. మొదటి రెండు మూడు వారాలు నోరు విప్పకపోవచ్చు. విప్పట్లేదు కదా అని ప్రశ్నలు మొదలుపెట్టకు. రోజూ మార్కులూ ట్యూషనూ తప్ప ఇంకేమీ అడగకపోతే దానికి నువ్వు ఇంకో మాస్టారివైపోతావు. పనిలో జరిగిందేదో నువ్వే చెప్పి వదిలెయ్. అది చెప్పడం మొదలుపెడితే "తర్వాత?" అను, సలహా అడిగితేనే ఇవ్వు. స్నేహితురాలి సంగతి చెప్పినప్పుడు "ఆ పిల్లతో తిరగకు" అన్నావో, ఇక ఆ పేరు నీ దగ్గర ఎత్తదు. నీకు చెప్పిన మాట బంధువుల ఫోన్లలో తేలిందంటే నెలల తరబడి కూడగట్టుకున్న నమ్మకం పోయినట్టే. ప్రాణం మీదికొచ్చే సంగతైతే మాత్రం దాచలేనని ముందే చెప్పి ఉంచు.

పొద్దున్నే చిరాకు పడితే పొగరనుకోకు. ఈ వయసులో నిద్రొచ్చే వేళ గంటా రెండు గంటలు వెనక్కి జరుగుతుంది, కావలసిన నిద్రేమో 9, 10 గంటలు. అందుకే పొద్దున మంచం దగ్గర గొడవ వద్దు, రాత్రి పడుకునే ముందు పది నిమిషాలు దాని దగ్గర కూర్చో. ఫోన్ దొంగచాటుగా వెతకకు. రాత్రి తొమ్మిదిన్నరకి అందరి ఫోన్లూ, నీదీ సహా, హాల్లో చార్జింగ్ పెట్టండి.

నెలసరి సంగతి మరదలి ఒక్కదానికే వదిలెయ్యకు. సరుకుల చీటీలో ప్యాడ్లు కూడా రాయించి నువ్వే తీసుకురా, ఏ రకమో దాన్నే అడుగు. మొదటి ఏడాది, రెండేళ్లు తేదీలు అటూ ఇటూ అవుతాయి. 7 రోజులు దాటినా, గంటా రెండు గంటలకే ప్యాడ్ తడిసిపోతున్నా డాక్టరుకి చూపించు.

కోపంలో అరిచావనుకో, "అరవడం నా తప్పు" అను. దాని వెనకాల "కానీ" తగిలించకు.

రెండు వారాలు దాటినా తిండీ నిద్రా సరిగ్గా లేకపోతే, స్నేహితుల్ని కూడా వదిలేస్తే, వయసు పని అని ఊరుకోకు. మనసు బాగోలేని వాళ్ల కోసం ప్రభుత్వం నడిపే టెలీ మానస్ 14416కి ఫోన్ చెయ్, డబ్బులేమీ కట్టక్కర్లేదు, తెలుగులోనే మాట్లాడొచ్చు. చేతుల మీద గాట్లు కనపడినా, చావు మాట ఎత్తినా ఒక్క రోజు కూడా ఆగకు, ఒంటరిగా వదలకు.

ఈ ఉత్తరం సంగతి దానికి చెప్పకు. రేపు బండి తాళం తీసుకుని "పద, నేను దింపుతా" అను. రానంటే ఎల్లుండి మళ్లీ అడుగు.

అక్క