బీఈడీకి గడువు లేదు, టెట్‌కి మినహాయింపూ లేదు

ప్రశ్న: మాది అమలాపురం. బీఎస్సీ మ్యాథ్స్ అయ్యాక 2001లో రాజమండ్రిలో బీఈడీ చేశాను. తర్వాత హైదరాబాద్‌లో ఓ కంపెనీ అకౌంట్స్‌లోనే ఇరవై ఏళ్లు గడిచిపోయాయి. ఇప్పుడు 47 ఏళ్లు, బీసీని. ఊరికి వచ్చేశాను. పాత బీఈడీ చెల్లుతుందా? లైసెన్సేమైనా తీసుకోవాలా? ఇక్కడి కరస్పాండెంట్ "ప్రైవేటు స్కూలుకి టెట్ ఎందుకండీ, సోమవారం వచ్చేయండి" అంటున్నారు.

జవాబు: బీఈడీకి గడువంటూ లేదమ్మా. మీరు చదివిన ఏడాది ఆ కాలేజీకి ఎన్‌సీటీఈ (జాతీయ ఉపాధ్యాయ విద్యా మండలి) గుర్తింపు ఉంటే చాలు. మా లాయర్లకు బార్ కౌన్సిల్ ఉన్నట్టు టీచర్లకు లైసెన్సు లేదు. ఆ పని చేసేది టెట్, అంటే టీచర్ అర్హత పరీక్ష.

కరస్పాండెంట్ గారిది సగం నిజం. విద్యాహక్కు చట్టం 23వ సెక్షన్ ప్రకారం ఎన్‌సీటీఈ 2010లో పెట్టిన టెట్ నిబంధన 1 నుంచి 8 తరగతులకు. ఆ చట్టంలో 'పాఠశాల' అంటే గ్రాంటు లేని ప్రైవేటు స్కూలు కూడా. కేవలం 9, 10 చెబితే మీకు టెట్ అడ్డు రాదు. కానీ మన హైస్కూళ్లలో లెక్కల టీచరుకి ఆరో తరగతి ఇవ్వకుండా ఎవరు ఊరుకుంటారు? పైగా 2025 సెప్టెంబరులో సుప్రీంకోర్టు, ఐదేళ్లకు మించి సర్వీసు మిగిలిన పాత టీచర్లను కూడా టెట్ పాసవ్వమంది. కొత్తగా చేరే మీకు మినహాయింపు ఎక్కడిది?

టెట్‌కి వయోపరిమితి లేదు. మీరు రాయాల్సింది పేపర్ 2ఏ. 150కి బీసీలకు 75 వస్తే పాస్. ఒకసారి పాసైతే జీవితాంతం చెల్లుతుంది. ఎస్‌జీటీ (ప్రైమరీ టీచరు పోస్టు) ఆశ మాత్రం వదులుకోండి, ప్రైమరీకి బీఈడీ పనికిరాదని 2023లోనే సుప్రీంకోర్టు తేల్చేసింది.

వయసు పేచీ ప్రభుత్వ టీచర్ల నియామకం జరిగే డీఎస్సీలోనే. 2025 మెగా డీఎస్సీలో ఓసీలకు 44, బీసీలకు 49. తర్వాతి నోటిఫికేషన్‌లో ఎంత పెడతారో, ఏ తేదీకి లెక్కగడతారో దాన్నిబట్టే మీ అవకాశం. అందుకని టెట్ వాయిదా వేయకండి. హైదరాబాద్‌లో ఉద్యోగం చేసినంత మాత్రాన నాన్‌లోకల్ అయిపోరు. చూసేది ఎక్కడ చదివారని. 4 నుంచి 10 వరకు స్టడీ సర్టిఫికెట్లు ఇప్పుడే తెచ్చుకోండి, పాత స్కూళ్లలో రిజిస్టర్లు వెతికించడం ఒక్కరోజులో తేలే పని కాదు.

సోమవారం వెళ్తే వెళ్లండి. అపాయింట్‌మెంట్ ఆర్డర్‌లో ఏ తరగతులకో రాయించుకున్నాకే సంతకం పెట్టండి. ఒరిజినల్స్ మాత్రం ఎవరి బీరువాలోనూ పెట్టొద్దు, జిరాక్సులు చాలు.