టెంప్ ఫైళ్లు ఊడ్చడానికి రూట్ దాకా ఎందుకండీ?

ప్రశ్న: లైనక్స్ ల్యాప్‌టాప్‌లో ఏడు రోజులు దాటిన టెంప్ ఫైళ్లు తీసెయ్యడానికి రూట్ (అన్ని అధికారాలూ ఉన్న అడ్మిన్ ఖాతా) క్రాన్‌టాబ్‌లో, అంటే ఏ పని ఏ టైముకి నడవాలో క్రాన్‌కి చెప్పే జాబితాలో, రాత్రి 2 గంటలకి స్క్రిప్ట్ పెట్టాను. ఒక్కోరోజు నడవట్లేదు, నడిచినా డిస్క్ ఖాళీ అవ్వట్లేదు. ఏం చెయ్యాలి?

జవాబు: ఇదే ప్రశ్న ఎన్నోసారో లెక్కపెట్టడం మానేశా. రాత్రి రెండింటికి ల్యాప్‌టాప్ మూసి బ్యాగులో ఉంటే క్రాన్ ఎలా నడుస్తుందండీ, తప్పిపోయిన టైముని అది మళ్లీ పట్టించుకోదు. ఇక డిస్క్ సంగతి, ఫైల్ పేరు పోయినా ఏదో ప్రోగ్రామ్ దాన్ని ఇంకా తెరిచి పెట్టుకుంటే చోటు ఖాళీ అవ్వదు, ఆ ప్రోగ్రామ్‌ని రీస్టార్ట్ చెయ్యండి.

నాకు భయం వేసింది మాత్రం ఆ 'రూట్' అన్న మాటకి. టెంప్ ఫోల్డర్ పర్మిషన్ 1777, అంటే మిషన్‌లో ఏ యూజరైనా అందులో రాయొచ్చు. మీ స్క్రిప్ట్‌లో ఫైళ్లు వెతికే ఫైండ్ కమాండ్ పాత ఫైల్ చూసి, చెరిపే ఆర్‌ఎమ్ కమాండ్‌కి పేరు అందించేలోపు, ఆ రెప్పపాటులో ఎవడో మధ్యలో ఫోల్డర్ తప్పించి అదే పేరుతో, సిస్టమ్ సెట్టింగ్‌లుండే ఈటీసీ ఫోల్డర్‌కి సింబాలిక్ లింక్ (వేరే చోటికి దారి మళ్లించే షార్ట్‌కట్) పెట్టాడనుకోండి, తన ఫైల్‌కి ముందే అక్కడి ఖాతాల ఫైల్ పేరే పెట్టి ఉంటే, మీ ఆర్‌ఎమ్ నేరుగా వెళ్లి యూజర్ల ఖాతాల ఫైల్‌నే లేపేస్తుంది. నా ఊహ కాదిది, ఫైండ్ మాన్యువల్‌లోనే ఉంది, అందుకే వేరే కమాండ్‌ని పిలిచే ఎగ్జెక్ బదులు, ఫైండే స్వయంగా చెరిపే డిలీట్ ఆప్షన్ వాడమంటారు. ఇంట్లో నేనొక్కడినే కదా అంటారేమో, వెబ్ సర్వర్ లాంటివి వేరే యూజర్లుగానే నడుస్తాయి, బయటివాడు వాటిలో ఒకదాంట్లో దూరితే చాలు.

అసలు స్క్రిప్టే అక్కర్లేదు. లైనక్స్‌లో సర్వీసులు నడిపే సిస్టమ్‌డీలో ఈ పనికి టైమర్ ఉంది, బూట్ అయిన 15 నిమిషాలకి ఓసారి, తర్వాత రోజుకోసారి. మామూలుగా టెంప్‌కి 10 రోజులు, వార్ టెంప్‌కి (రీబూట్ అయినా ఫైళ్లు నిలిచే ఇంకో టెంప్ ఫోల్డర్) 30 రోజులు గడువు, డెబియన్‌లో మాత్రం 13వ వెర్షన్ నుంచే ఇలా. గడువు మార్చాలంటే ఆ గడువులు రాసి ఉండే టీఎంపీ డాట్ కాన్ఫ్ ఫైల్‌ని ఈటీసీ కింద టీఎంపీఫైల్స్ డాట్ డీలోకి కాపీ చేసుకుని అక్కడ మార్చండి, ఒరిజినల్‌ని కెలికితే అప్‌డేట్‌లో పోతుంది. చివరిసారి చదివిన టైమ్ కూడా లెక్కేనండోయ్, బ్యాకప్ టూల్ రోజూ చదివే ఫైల్‌కి వయసు పెరగదు.

ఇంకోటి, ఆ టైమర్ నడిపే టూల్ పేరే పెద్ద మోసం. పేరు టీఎంపీఫైల్స్, చేసేది యూజర్ల సొంత ఫైళ్లుండే హోమ్ ఫోల్డర్ సృష్టించడం కూడా! 2024 జూన్‌లో సిస్టమ్‌డీ 256వ వెర్షన్‌తో, ఈ టూల్ సృష్టించేవన్నీ చెరిపేసే పర్జ్ ఆప్షన్ వచ్చింది, టెంప్ చెత్తే కదా పోయేది అనుకుని కొట్టినవాళ్లకి హోమ్ మొత్తం ఎగిరిపోయింది. గోల అయ్యాక 256.1లో, కాన్ఫిగ్ ఫైల్ పేరు ఇస్తేనే నడిచేలా మార్చారు. ఆ పని మొదటిరోజే చెయ్యొద్దూ?