పాత బాక్స్‌టర్ కొనాలా, కొత్తది కొనాలా? పాఠకుల ప్రశ్నలకి జవాబులు

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా పోర్షే బాక్స్‌టర్ గురించే ఉన్నాయి, అందుకని మిగతా బండ్ల ప్రశ్నలు వచ్చే నెలకి ఉంచి ఈసారి మొత్తం దీనికే ఇస్తున్నాను. పైకప్పు మడిచి పెట్టుకునే రెండు సీట్ల స్పోర్ట్స్ కారు ఇది, ఇంజన్ సీట్ల వెనక, వెనక ఇరుసుకి ముందు ఉంటుంది. 986, 987, 981, 718 అనేవి వచ్చిన వరసలో దీని తరాల పేర్లు. నాకు చాలా ఇష్టమైన బండి, కాస్త ఎక్కువ రాస్తే ఏమీ అనుకోకండి.

ప్రశ్న: సార్, ఎన్నో ఏళ్ళుగా బాక్స్‌టర్ కొనాలని కోరిక. ఇప్పుడు సెకండ్ హ్యాండ్‌లో మూడు చూశాను, ఒకటి 1998 నాటి 986, ఇంకోటి 2013 నాటి 981, మూడోది 2017 నాటి 718. మూడూ మాన్యువల్ గేర్లే. మా ఫ్రెండ్ ఏమో పాతదానికీ కొత్తదానికీ నక్కకీ నాకలోకానికీ ఉన్నంత తేడా, పాతది దండగ అంటున్నాడు. మా మామయ్య ఏమో మొదట వచ్చిందే అసలు బండి, తర్వాతవన్నీ ఉత్త హంగులు అంటాడు. ఎవరి మాట వినమంటారు?

జవాబు: మీ ఫ్రెండ్ స్పీడు చూసి మాట్లాడుతున్నాడు, మీ మామయ్య చేతికి తెలిసేది చూసి మాట్లాడుతున్నారు, అందుకే ఇద్దరి మాటా పొసగట్లేదు.

ముందు లెక్కలు చూద్దాం. 1996 లో వచ్చిన మొదటి 986 లో 2.5 లీటర్ల ఆరు సిలిండర్ల ఇంజన్, 204 హార్స్‌పవర్, సున్నా నుంచి 100 కి 6.9 సెకన్లు, టాప్ స్పీడు 240 కిలోమీటర్లు. మీరు చూసిన 981 మామూలు మోడల్ అయితే 2.7 లీటర్లు, 265 హార్స్‌పవర్, 5.8 సెకన్లు, 264 కిలోమీటర్లు. 718 కి వచ్చేసరికి రెండు లీటర్ల నాలుగు సిలిండర్ల టర్బో, 300 హార్స్‌పవర్, 5.1 సెకన్లు, 275 కిలోమీటర్లు. కాగితం మీద చూస్తే మీ ఫ్రెండే గెలిచాడు. కానీ బరువు కూడా చూడండి, 986 సుమారు 1250 కిలోలు, 981 1310, 718 1335. ఇరవై ఏళ్ళలో ఇంత పవర్ పెరిగి, ఇన్ని ఎయిర్ బ్యాగులూ స్క్రీన్లూ చేరి, పెరిగిన బరువు ఒక మనిషిని ఎక్కించుకున్నంత! 981 నుంచి డోర్లు, ముందూ వెనకా డిక్కీ మూతలు అల్యూమినియంతో చేశారు, ఆ పనితనానికి దణ్ణం పెట్టాలి. కాబట్టి తర్వాతవన్నీ ఉత్త హంగులు అన్న మామయ్య గారి మాటని నేను ఒప్పుకోను.

ఇక లెక్కల్లో దొరకని సంగతి. 986 లో గరిష్ఠ టార్క్, అంటే ఇంజన్ తిప్పే బలం, 245 న్యూటన్ మీటర్లు, అది కూడా ఇంజన్ నిమిషానికి 4500 సార్లు తిరిగాక వస్తుంది, అంటే మీరు గేరు దించాలి, ముల్లు పైకి పోనివ్వాలి, అప్పుడు గానీ అది ఒళ్ళు విరుచుకోదు. 718 లో 380 న్యూటన్ మీటర్లు 1950 నుంచే ఉంటాయి, మూడో గేర్లో నిద్రపోతూ వెళ్తున్నా కాలు ఆనిస్తే చాలు తోసుకుంటూ పోతుంది. రోజూ ఆఫీసుకి వెళ్ళొచ్చేవాళ్ళకి ఇదే సుఖం. నాకు మాత్రం ఆ 4500 దాకా ఎదురుచూడటం, ఆ తర్వాత ఆరు సిలిండర్ల గొంతు మారి వీపు వెనక నుంచి అరుపుగా లేవటం, అదే బాక్స్‌టర్ అంటే. 981 లో ఇది ఇంకా బాగుంటుంది, కాకపోతే దాని గేర్లు మరీ పొడుగు, రెండో గేర్లోనే 120 దాటించొచ్చు, అంటే మామూలు రోడ్డు మీద ఆ ఇంజన్ని పూర్తిగా పాడించే అవకాశం తక్కువ. పాత 986 లో తక్కువ స్పీడుకే ఆ సరదా అంతా తీరిపోతుంది.

స్టీరింగ్ సంగతి కూడా చెప్పాలి. 986 లోనూ దాని తర్వాతి 987 లోనూ హైడ్రాలిక్ స్టీరింగ్, అంటే నూనె ఒత్తిడితో సాయం చేసేది, 981 నుంచి మోటారుతో నడిచే ఎలక్ట్రిక్. నేను మొదటిసారి 986 నడిపినప్పుడు రోడ్డు మీద రెండు తారు పట్టీలు కలిసే గీత మీద ముందు టైరు వెళ్ళింది, ఆ సన్న గీత నా ఎడమ అరచేతిలో చీమ పాకినట్టు తెలిసింది, కుడిచేతికి ఏమీ లేదు, ఎందుకంటే గీత మీదకి వెళ్ళింది ఎడమ టైరు ఒక్కటే. తర్వాత 981 లో అలాంటి గీత కోసం కావాలని వెతికి మరీ దాని మీద నడిపాను, బండి గురి తప్పకుండా నున్నగా వెళ్ళిపోయింది కానీ చేతికి ఏమీ చెప్పలేదు. కొత్తది తప్పు అనను, గంటల తరబడి నడిపితే అలసట తక్కువ, గురి ఇంకా ఎక్కువ. కానీ ఆ చీమ లేదు.

ఇంకో మాట, చాలామంది పాతికేళ్ళ 986 ఎక్కి "బాబోయ్ వదులుగా ఉంది, ఊగుతోంది" అని దిగిపోతారు. అది మోడల్ తప్పు కాదండి, సస్పెన్షన్ రబ్బరు బుష్‌లు ఎండిపోయి ఉంటాయి, షాక్ అబ్జార్బర్లు ఎప్పుడో చచ్చిపోయి ఉంటాయి, టైర్లలో గాట్లు బాగానే కనిపిస్తాయి గానీ రబ్బరు రాయిలా గట్టిపడి ఉంటుంది. టైరు పక్కన నాలుగంకెలు చూడండి, 2312 అని ఉంటే 2012 లో 23వ వారం తయారైనది అని అర్థం, అలాంటి టైర్ల మీద ఏ బండినీ జడ్జ్ చేయకూడదు. బుష్‌లు, షాకులు, టైర్లు మార్చాక అదే బండి మళ్ళీ నడపండి, మీ మామయ్య ఎందుకు అలా అంటారో అప్పుడు తెలుస్తుంది.

మీరు చూసిన మూడిట్లో ఒకటే కొనాలంటే 981 తీసుకోండి. ఆరు సిలిండర్లు ఉన్నాయి, పాత ఇంజన్ భయాలు (తర్వాతి ప్రశ్నలో చెప్తాను) లేవు, రోజూ వాడొచ్చు. కానీ నాలుగోది కూడా ఒకటి వెతకమంటాను, 2009 నుంచి 2012 దాకా వచ్చిన 987 రెండో విడత. హైడ్రాలిక్ స్టీరింగ్ పాతదే, ఇంజన్ మాత్రం పూర్తిగా కొత్త డిజైన్, మామూలుదాంట్లో 2.9 లీటర్లు 255 హార్స్‌పవర్, పవర్ ఎక్కువున్న ఎస్ మోడల్లో 3.4 లీటర్లు 310. పాతదాని చేయి, కొత్తదాని గుండె ఒకే బండిలో ఉన్నది అదొక్కటే. నా ఓటు దానికే.

ప్రశ్న: 986 ఇంజన్లో ఏదో బేరింగ్ పోతే మొత్తం ఇంజనే పోతుందట కదా? అది విన్నప్పట్నుంచి భయంగా ఉంది. నిజమేనా, కొనేముందు తెలుసుకునే దారి ఉందా?

జవాబు: నిజమేనండి, ఇంటర్మీడియట్ షాఫ్ట్ బేరింగ్ అంటారు. పిస్టన్లు తిప్పే క్రాంక్ షాఫ్ట్ నుంచి వాల్వులు తెరిచే కామ్ షాఫ్టులకి చైన్లు నేరుగా వెళ్ళవు, మధ్యలో ఇంకో షాఫ్ట్ ఉంటుంది. దానికి గేర్‌బాక్స్ వైపు చివర ఒక సీల్డ్ బాల్ బేరింగ్ పెట్టారు. ఏళ్ళు గడిచేకొద్దీ సీలు గట్టిపడి లోపలి గ్రీజు కరిగిపోతుంది, పాత ఆయిల్ లోపలికి చేరి అక్కడే చిక్కుకుంటుంది, గోళీలు అరుగుతాయి. చివరికి బేరింగ్ విరిగితే షాఫ్ట్ ఊగి చైన్ల టైమింగ్ తప్పుతుంది, వాల్వులు వెళ్ళి పిస్టన్లకి కొట్టుకుంటాయి, ఇక ఆ ఇంజన్ మీద ఆశ వదులుకోవడమే. మొదట్లో రెండు వరసల గోళీలుండే బేరింగ్ వాడారు, అది కాస్త నయం. 2000 ప్రాంతం నుంచి ఒకే వరసది వచ్చింది, ఎక్కువ పోయినవి అవి. తర్వాత 2006 ప్రాంతం నుంచి 987 మొదటి విడతలో పెద్ద బేరింగ్ పెట్టారు, అది గట్టిదే గానీ ఇంజన్ విప్పితే తప్ప బయటికి రాదు. 2009 ఇంజన్లో అసలు ఆ షాఫ్టే తీసేశారు.

ఇది విని 986 అంటేనే పారిపోవక్కర్లేదు. బేరింగ్ మార్చాలంటే గేర్‌బాక్స్ దించాలి, క్లచ్ మార్చాలన్నా గేర్‌బాక్స్ దించాలి, అందుకని రెండూ ఒకేసారి చేయిస్తారు, లేబర్ కలిసొస్తుంది. అమ్మేవాళ్ళని "ఇంజన్ కండిషన్ ఎలా ఉంది" అని అడక్కండి, అందరూ సూపర్ అనే అంటారు, "క్లచ్ ఎప్పుడు మార్చారు, అప్పుడు బేరింగ్ కూడా మార్చారా, బిల్లు చూపించండి" అని అడగండి. నోటిమాట నమ్మొద్దు.

ఇంకో పరీక్ష ఉంది, నాకు బాగా నమ్మకం. ఆయిల్ మార్పించి పాత ఫిల్టర్ పారేయకుండా తెమ్మనండి. ఈ ఇంజన్లో ఫిల్టర్ మడతలు పెట్టిన కాగితం లాంటిది, దాన్ని బ్లేడుతో కోసి తెల్ల కాగితం మీద పరిచి లైటు కింద మడత మడతా విప్పి చూడాలి. తర్వాత చిన్న అయస్కాంతాన్ని పల్చటి ప్లాస్టిక్ కవర్లో చుట్టి మడతల మీద నెమ్మదిగా తిప్పాలి. గోళీలు ఉక్కు కాబట్టి మెరిసే తునకలు అయస్కాంతానికి అంటుకుంటే అక్కడితో ఆపేయండి, ఆ బండి వద్దు. నల్లటి చిన్న ప్లాస్టిక్ ముక్కలు కనిపిస్తే అవి సీలువి కావొచ్చు, అవి దొరికినా సరే బేరింగ్ మార్చకుండా రోడ్డెక్కించకండి. ఏమీ లేకపోతే ఆ రోజుకి ఊపిరి పీల్చుకోవచ్చు, కానీ ప్రతి ఆయిల్ మార్పుకీ ఇది చేస్తూనే ఉండాలి.

ప్రశ్న: అసలు ఇంజన్ మధ్యలో ఉంటే ఏంటండీ అంత గొప్ప? ముందు ఉన్నా కారు తిరుగుతుంది కదా.

జవాబు: ఒక బకెట్ నిండా నీళ్ళు పోసి చేతులు ముందుకి చాచి పట్టుకుని గిర్రున తిరగండి, తర్వాత అదే బకెట్ పొట్టకి ఆనించుకుని తిరగండి, తేడా మీకే తెలుస్తుంది. ఇంజన్ బండిలో అన్నిటికన్నా బరువైన వస్తువు, అది నడుము దగ్గర ఉంటే ముక్కు చటుక్కున మలుపులోకి వస్తుంది. పోర్షే పేరుతో 1948 లో వచ్చిన మొట్టమొదటి కారు, 356 నంబర్ 1, దాంట్లో కూడా ఇంజన్ వెనక ఇరుసుకి ముందే ఉండేది, తర్వాత అమ్మకానికి చేసినవాటిలో వెనక్కి జరిపారు. అంటే బాక్స్‌టర్ ఒక రకంగా పుట్టింటికి తిరిగొచ్చినట్టే.

కానీ ఇక్కడ ఒక జాగ్రత్త, ఇది పాత బండి కొనేవాళ్ళందరూ చదవాలి. సులువుగా తిరిగేది అదుపు తప్పినా అంత సులువుగానే తిరుగుతుంది. తడి రోడ్డు మీద మలుపు మధ్యలో భయమేసి ఒక్కసారిగా ఎక్సలేటర్ వదిలేశారో, బరువు ముందుకి పోయి వెనక టైర్ల పట్టు తగ్గి బండి బొంగరం అయిపోతుంది. మొదట్లో వచ్చిన 986 ల్లో స్టెబిలిటీ కంట్రోల్, అంటే బండి జారబోతే తనే బ్రేకులు వేసి సర్దే ఏర్పాటు, లేదు, కొన్నేళ్ళ తర్వాత ఆప్షన్‌గా ఇచ్చారు, 987 నుంచి అన్నిటికీ వచ్చింది. కాబట్టి 1998 బండి కొంటే, బ్రేకు వేసేది మలుపుకి ముందే వేసేసి, మలుపులో కాలు నిలకడగా ఉంచడం ఖాళీ గ్రౌండులో నేర్చుకున్నాకే రోడ్డెక్కండి. ఇందులో మొహమాటం ఏమీ అక్కర్లేదు, బాగా నడిపేవాళ్ళు కూడా అలాగే నేర్చుకున్నారు.

ప్రశ్న: 718 సౌండు గురించి అందరూ తిడుతున్నారు, నాలుగు సిలిండర్లు నిజంగా అంత ఘోరమా?

జవాబు: ఘోరం అనను, కానీ ఆరు సిలిండర్లది విన్న చెవికి వెలితిగా ఉంటుంది, స్టార్ట్ చేయగానే గరగరమంటుంది. పొగ నిబంధనలు బిగుసుకోవడంతో 2016 లో ఇంజన్ చిన్నది చేసి టర్బో పెట్టారు, బండి మిగతా అంతా అంతకుముందు దానికన్నా మెరుగే, బ్రేకులూ షాసీ నాకైతే వంక పెట్టడానికి దొరకలేదు. జనం గోల కూడా ఊరికే పోలేదు, 2020 లో 718 జీటీఎస్ అనే మోడల్లో మళ్ళీ ఆరు సిలిండర్లు, టర్బో లేకుండా, 4 లీటర్లు, 400 హార్స్‌పవర్ ఇచ్చారు. 2025 లో 718 తయారీయే ఆగిపోయింది, కాబట్టి ఆ 4 లీటర్ల బండి దొరికి, అందుబాటులో ఉంటే ఆలోచించకండి.

ప్రశ్న: మాన్యువలా, పీడీకే నా?

జవాబు: ట్రాఫిక్‌లో ఎక్కువ నడిపితే పీడీకే, 2009 నుంచి వచ్చిన డబుల్ క్లచ్ గేర్‌బాక్స్ అది, చాలా బాగా పని చేస్తుంది. అంతకుముందు వచ్చిన టిప్‌ట్రానిక్ ఆటోమేటిక్ మాత్రం ఈ ఇంజన్ని సగం నిద్రపుచ్చుతుంది, నేనైతే వద్దంటాను.

ప్రశ్న: నా దగ్గర 2001 నాటి 986 ఉంది, టాపు వెనక అద్దం ప్లాస్టిక్‌ది, పసుపు రంగుకి తిరిగి మధ్యలో మడత గీత పడింది. గాజుది పెట్టించొచ్చా?

జవాబు: 2003 మోడల్ నుంచి కంపెనీయే గాజుది ఇచ్చింది. పాతవాటికి గాజుతో ఉన్న కొత్త టాపు గుడ్డ బయట దొరుకుతుంది, అయితే అద్దం సైజు చిన్నది అవుతుంది, వెనక కనిపించేది కాస్త తగ్గుతుంది. పసుపు మాత్రమే ఉండి పగుళ్ళు లేకపోతే ప్లాస్టిక్ పాలిష్‌తో చాలావరకు పోతుంది, ముందు అది చేసి చూడండి. ఇక మడత గీత ఇంకా లోతు కాకుండా ఉండాలంటే టాపు తెరిచేటప్పుడు సగంలో బటన్ వదిలేసి, కిందికి దిగి, అద్దం మధ్యలో అరచేతి అంచుతో మెల్లగా లోపలికి నొక్కి, అది గుండ్రంగా వంగాక మిగతా సగం తెరవండి. రోజూ చేస్తే అలవాటైపోతుంది. చలి ఎక్కువగా ఉన్న పొద్దున ప్లాస్టిక్ బిర్రుగా ఉంటుంది, అప్పుడు అసలు తెరవకండి, పగిలిపోతుంది.