ఫరీనా జీవితం రాయబోతున్న ప్రసన్నకు

చి. ప్రసన్నకు పెద్దనాన్న ఆశీస్సులు.

మూకీల కాలపు బాలనటుడు ఫరీనా జీవితాన్ని తెలుగులో రాయబోతున్నావని మీ నాన్న ఫోన్లో చెప్పాడు. పిల్లలే నటించిన అమెరికా పొట్టి హాస్య చిత్రాల వరస ‘అవర్ గ్యాంగ్’. ఆ పిల్లల కోసం మన ఇంట్లోంచి ఒకరు పూనుకున్నారంటే ఎంత సంతోషమో. భయమూ వేసింది. అది తర్వాత చెబుతాను, ముందు పని సంగతి.

దొరికిన సినిమాలన్నీ చూడు, నోట్సు రాసుకో. ఇది నీకు చెప్పక్కర్లేదు. తేదీల దగ్గర మాత్రం తొందరపడకు. ఫరీనా అసలు పేరు అలెన్ హాస్కిన్స్, పుట్టింది 1920 ఆగస్టు 9న, బోస్టన్‌లో. విడుదల తేదీని బట్టి వయసు కడితే లెక్క తప్పుతుంది. ఆ వరసలో మొదట తీసిన సినిమా పేరూ ‘అవర్ గ్యాంగే’ అయితే, 1922 సెప్టెంబరులో ముందు విడుదలైంది ‘వన్ టెరిబుల్ డే’. 1927లో చిక్కు ఇంకా పెరిగింది. నిర్మాత హాల్ రోచ్ పంపిణీని పాథే కంపెనీ నుంచి ఎంజీఎం కంపెనీకి మార్చాడు. ఎంజీఎం కొత్తవి వదులుతుంటే పాథే తన దగ్గర మిగిలిన పాతవి వదిలింది. అందుకని ప్రతి సినిమాకీ రెండు గడులు పెట్టు: తీసిన కాలం, విడుదలైన తేదీ. మొదటిది దొరక్కపోతే ఖాళీగా వదిలెయ్, ఊహించి నింపకు.

కాపీ వేగం కూడా చూసుకో. 35 ఎం.ఎం. వెయ్యి అడుగుల రీలు టాకీ వేగమైన సెకనుకు 24 ఫ్రేముల చొప్పున 11 నిమిషాలు నడుస్తుంది, 18 చొప్పున అయితే దాదాపు 15. మూకీని టాకీ వేగంతో తిప్పిన కాపీ చూసి ‘ఎంత చురుకైన పిల్లాడో’ అని రాసేవు!

ఇక నా భయం. ‘అవర్ గ్యాంగ్ శాపం’ అని ఒక కథ దశాబ్దాలుగా తిరుగుతోంది. ఆల్ఫాల్ఫాగా నటించిన కార్ల్ స్విట్జర్ 1959లో డబ్బు తగాదాలో తుపాకీ గుండుకు పోయాడు, 31 ఏళ్లకే. అలాంటి చావులు నాలుగైదు ఏరి, వరసగా పేర్చి, శాపం అన్నారు. 1922 నుంచి 1944 దాకా ఎంతమంది పిల్లలు ఆ కెమెరా ముందుకు వచ్చారో లెక్కలోకి తీసుకోలేదు. అదే గ్యాంగ్‌లో నటించిన జాకీ కూపర్ టీవీ దర్శకుడై, టీవీ రంగపు ఎమ్మీ అవార్డులు గెలిచి 88 ఏళ్లు బతికాడు. గ్యాంగ్‌లోని జీన్ డార్లింగ్ 2015 దాకా ఉంది. వాళ్లను ఆ జాబితా ఎక్కడా ఎక్కించదు, ఎక్కిస్తే కథ నిలవదు కనుక. మీ ఫరీనా అయితే రెండో ప్రపంచ యుద్ధంలో సైన్యంలో చేసి, తర్వాత కాలిఫోర్నియాలో మానసిక వికలాంగుల సేవలో ఉద్యోగం చేశాడు. 1980లో కన్నుమూశాడు. చావు దగ్గర మొదలుపెట్టి వెనక్కి రాస్తే రెండేళ్ల పసివాడి నవ్వులో కూడా దుఃఖమే కనిపిస్తుంది తల్లీ. ఆ పని చెయ్యకు, నీ మీద ఒట్టు.

బదులుగా వాడి పనిదినం రాయి. చదవడం రాని పిల్లలకు దర్శకుడు రాబర్ట్ మెక్‌గోవన్ సన్నివేశం నోటితో చెప్పేవాడు. మూకీ కాబట్టి కెమెరా తిరుగుతుండగానే మెగాఫోన్‌లో ‘ఇటు చూడు, ఇప్పుడు భయపడు’ అనొచ్చు. 1929లో టాకీ రాగానే ఆ గొంతు మూగబోయింది. మాటలు ముందే నేర్చుకోవాలి, మైకు అందేలా నిలబడాలి. తొమ్మిదేళ్ల పిల్లాడు ఆ మార్పును ఎలా దాటాడో సినిమాల్లోనే కనిపిస్తుంది. పుస్తకంలో ఎక్కువ పేజీలు దానికివ్వు. ఫెర్న్ కార్టర్ టీచర్ నడిపిన స్టూడియో బడిని మరిచిపోకు.

వాడికి రిబ్బన్లతో పిలకలు వేసి, కొన్ని సినిమాల్లో ఆడపిల్లగా చూపించారు. నల్లజాతి పిల్లలంటే దయ్యాలకు జడుస్తారనీ, పుచ్చకాయకు ఎగబడతారనీ హాస్యం పుట్టించారు. అదే సినిమాలో తెల్లపిల్లలతో కలిసి సమానంగా ఆడుకున్నాడు, ఆ రోజుల్లో తెర మీద అది అరుదు. ఈ రెండింటినీ ఒకే సన్నివేశంలో పట్టుకుని రాయి, వేరువేరు అధ్యాయాల్లో పెట్టకు.

డబ్బు గురించి ఒక్క మాట. బాలనటుల సంపాదనకు రక్షణగా కాలిఫోర్నియాలో కూగన్ చట్టం వచ్చింది 1939లో. ఫరీనా 1931లోనే గ్యాంగ్ విడిచాడు. ఆ చట్టం వాడికి దక్కిందని రాసేవు, జాగ్రత్త.

మొదటి అధ్యాయంతో పాటు ఆ గడుల పట్టికా పంపు, ముందు దాన్నే చూస్తాను. రాత్రిళ్లు స్క్రీన్ ముందు కూర్చుని కళ్లు పాడుచేసుకోకు.

మీ పెద్దనాన్న