ఆనిక్ పాత రైల్వే స్టేషన్: చిన్న ఊరికి అంత పెద్ద కట్టడం ఎందుకు, అది ఎలా మూతపడింది?

ఇంగ్లండ్‌లో నార్తంబర్లాండ్‌ ప్రాంతంలోని ఈ ఊరి పేరు రాతలో ఆల్న్‌విక్, పలకడం మాత్రం ఆనిక్. లండన్–ఎడిన్‌బరా ప్రధాన మార్గం ఊరికి సుమారు మూడు మైళ్లు తూర్పుగా వెళ్లిపోయింది. అందుకే 1850లో ఆ మార్గం మీదున్న ఆల్న్‌మౌత్ దగ్గరి నుంచి ఊళ్లోకి శాఖామార్గం వేశారు.

ఇప్పుడు కనబడే రాతి కట్టడం 1887 నాటిది, రూపశిల్పి విలియం బెల్. ఊరి అవసరానికి మించిన ఈ హంగుకు అసలు కారణం ఊళ్లోని కోట. అది నార్తంబర్లాండ్ డ్యూక్ ఇల్లు, అక్కడికి రాజకుటుంబం వచ్చేది. అదే ఏడాది కార్న్‌హిల్ అనే ఊరి వైపు మరో లైను తెరిచారు గానీ, పల్లెల మధ్య సాగే ఆ దారిలో 1930లోనే ప్రయాణికుల రైళ్లు ఆగిపోయాయి. ఆల్న్‌మౌత్ శాఖలో చివరి ప్రయాణికుల రైలు 1968 జనవరిలో నడిచింది, సరుకు రవాణా ఆ అక్టోబరుతో ముగిసింది.

1991 నుంచి ఆ స్టేషన్ కట్టడంలో బార్టర్ బుక్స్ అనే పాతపుస్తకాల దుకాణం నడుస్తోంది. బీరువాల మీదుగా బొమ్మరైలు తిరుగుతుంటుంది. తల పైకెత్తితే పాత గాజుకప్పు. ‘కీప్ కామ్ అండ్ క్యారీ ఆన్’ అనే 1939 నాటి బ్రిటిష్ ప్రభుత్వ యుద్ధకాలపు పోస్టరు 2000లో దొరికింది ఇక్కడే, ఒక పుస్తకాల పెట్టె అడుగున.

రైలు మళ్లీ ఇక్కడిదాకా రావడం కష్టం, ఏ1 రహదారి బైపాస్ పాత పట్టాల దారిని కోసేసింది. పాత శాఖను మళ్లీ నడిపే వారసత్వ రైలు ఆల్న్ వ్యాలీ రైల్వే అందుకే ఊరి శివార్లలోని లయన్‌హార్ట్ స్టేషన్ నుంచి మొదలవుతుంది. పాత స్టేషన్ చూడాలంటే ఆల్న్‌మౌత్‌లో దిగి బస్సెక్కండి.