శ్రీకాకుళంలో విశాఖ ఎఫ్‌ఎం గరగరలాడేది స్టేషన్ కార్యక్రమాలు మార్చినందుకా?

కాదు, పాటల బదులు కబుర్లు పెట్టినా, స్టేషన్ పేరే మార్చినా సిగ్నల్ చేరే దూరం మారదు. దాన్ని తేల్చేది ట్రాన్స్‌మిటర్ పవర్, యాంటెనా ఎత్తు, మధ్యలో ఉన్న కొండలు.

88 నుంచి 108 మెగాహెర్ట్జ్ మధ్య నడిచే ఎఫ్‌ఎం తరంగాలు దాదాపు చూపు వెళ్లినట్టే నేరుగా వెళ్తాయి, నేల వంపు తిరిగితే వంగవు. సమతల నేలపై 100 మీటర్ల ఎత్తున్న యాంటెనా నుంచి అవి చేరే హద్దు సుమారు 41 కిలోమీటర్లు. కొండెక్కిస్తే ఇంకాస్త పెరుగుతుంది. విజయనగరం 50, 60 కిలోమీటర్లే కాబట్టి ఎలాగో నెట్టుకొస్తుంది. శ్రీకాకుళం 100 దాకా ఉంటుంది. అందుకే మేడ మీద కాస్త పలికిన పాట కింది గదిలోకి దిగేసరికి గరగర.

పాత మీడియం వేవ్ వేరు. విశాఖ ఆకాశవాణి 927 కిలోహెర్ట్జ్ లాంటి తరంగాలు నేలను అంటుకునే పోతాయి, రాత్రయితే పై వాతావరణం నుంచి తిరిగొచ్చి మరింత దూరం వినిపిస్తాయి.

ఖరీదైన సెట్టు కొంటే సరిపోతుందనుకుంటారు చాలామంది. చేరని సిగ్నల్‌ను ఏ సెట్టూ పుట్టించలేదు. అంతకన్నా ఏరియల్ పైకెత్తడం నయం, ఫోన్‌లోనైతే ఇయర్‌ఫోన్ వైరే ఏరియల్. యాప్‌లో స్పష్టంగా వస్తోందంటే అది ఇంటర్నెట్ మహిమ, ఎఫ్‌ఎం కాదు.